స్టేజీ మీద పాట ఆగిపోతే? లిప్‌సింక్, కరోకే, ఆర్కెస్ట్రా: మీ ఫంక్షన్‌కు ఏది నయం

పోయినేడాది మా అక్క కూతురి సంగీత్ కొంపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. మా బావ షేర్వాణీ వేసుకుని, ఒక మోకాలు నేలకానించి, మైకు పట్టుకుని అక్క కోసం పాత ప్రేమపాట ఎత్తుకున్నాడు. గొంతు ఆయనది కాదని మా వైపు వాళ్లందరికీ తెలుసు. వియ్యంకుల వైపు మాత్రం కొందరు నిజంగానే మురిసిపోతున్నారు. రెండో చరణం మధ్యలో పాట టక్కున ఆగి రింగ్‌టోన్ మోగింది. పాట వస్తున్నది బావ ఫోన్‌లోంచే మరి. సౌండ్ దగ్గరున్న కుర్రాడు కంగారులో కట్ చేయబోయి కాల్ ఎత్తేశాడు. "సార్, గేటు కాడ ఉన్న, బండి లోపలికి తేవాల్నా?" అని హాలంతా మోగింది. బావ పెదవులు అప్పటికింకా కదులుతూనే ఉన్నాయి.

అందరం నవ్వాం. బావ తప్ప ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు. అదే పని లైవ్ టీవీలోనో, టికెట్ కొన్న జనం ముందో జరిగితే ఏమవుతుందో పేరున్న పాప్ గాయకుల చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఆ సంగీత్ తర్వాత మా చుట్టాల్లో ఎవరింట్లో ఫంక్షన్ ఉన్నా "పాట సంగతి ఎట్లా?" అని నన్నే అడుగుతున్నారు. అడిగినవాళ్లకల్లా చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

మన ముందున్న దారులు నాలుగు. ఒకటి, పూర్తి లిప్‌సింక్: గొంతుతో సహా అంతా రికార్డే, మనం పెదవులు కదపడమే. రెండు, సగం సగం: గొంతున్న ట్రాక్ సన్నగా నడుస్తుంటే దాని మీద మనమూ పాడటం. మూడు, మైనస్ ట్రాక్, అంటే కరోకే: వాయిద్యాలు రికార్డువి, గొంతు మనది. నాలుగు, ఆర్కెస్ట్రా.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అందరూ మొదట అడిగేది ఖర్చు. నేను మొదట అడిగేది వేరు: పాట మధ్యలో ట్రాక్ ఆగిపోతే స్టేజీ మీదున్న మనిషి చేతిలో ఏం మిగులుతుంది?

1989 జులైలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, బ్రిస్టల్‌లో మిల్లీ వనిల్లీ అనే పాప్ గాయకుల జంట కచేరీ ఇస్తోంది. పల్లవి మొదటి ముక్క దగ్గరే రికార్డు ఇరుక్కుపోయి అదే మాట మళ్లీ మళ్లీ వచ్చింది. ఇద్దరిలో ఒకడైన రాబ్ పిలాటస్ కాసేపు తట్టుకుని, ఇక వల్లకాక స్టేజీ దిగి పరుగెత్తాడు. పారిపోవడం తప్ప అతను చేయగలిగిందేముంది? పాట అతనిది కాదు. అక్కడున్న ప్రేక్షకులు పెద్దగా పట్టించుకోలేదు కూడా. 1990 ఫిబ్రవరిలో ఆ జంటకు ఉత్తమ నూతన కళాకారులుగా గ్రామీ (అమెరికాలో సంగీతానికిచ్చే పెద్ద అవార్డు) వచ్చింది. అదే ఏడాది నవంబరులో, ఆల్బమ్‌లో పాడింది వాళ్లు కానే కాదని నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ బయటపెట్టాడు. గ్రామీని వెనక్కి తీసేసుకున్నారు.

ఇక్కడే రెండో ప్రశ్న పుడుతుంది: వచ్చినవాళ్లు ఏమనుకుని వచ్చారు? తెర మీద ఎన్టీఆర్ పెదవులు కదిపితే ఘంటసాల గొంతు విని ఈలలేసిన వాళ్లం మనం. పెదవులొకరివి, గొంతొకరిది అంటే మనకేం తప్పుగా తోచదు. ఎందుకంటే ఘంటసాల పేరు టైటిల్స్‌లో ఉంటుంది, పాటల పుస్తకంలో ఉంటుంది, రేడియోలో ముందే చెప్తారు. మిల్లీ వనిల్లీ వెనక పాడిన చార్ల్స్ షా, బ్రాడ్ హోవెల్, జాన్ డేవిస్‌ల పేర్లు మాత్రం ఆ ఆల్బమ్ కొన్నవాడికి ఎవరూ చెప్పలేదు. బావ సంగీత్‌లో పెదవులు కదిపితే సరదా. అదే బావ శిల్పకళావేదికలో టికెట్ పెట్టి కదిపితే మోసం.

మూడోది, ఒంటి పని. పాటంతా గెంతుతూ డాన్స్ చేస్తే పల్లవి మూడోసారి వచ్చేసరికి ఊపిరి చాలదు. రోజుకు నాలుగు గంటలు సాధన చేసేవాళ్లే ఆయాసపడతారు, ఆఫీసు కుర్చీలో కూర్చునే మన సంగతి చెప్పేదేముంది.

నాలుగోది చోటు, వాతావరణం, రిహార్సల్. 2006లో టురిన్ శీతాకాల ఒలింపిక్స్ ఆరంభ వేడుకలో ఇటలీ ఒపెరా గాయకుడు పావరోటీ ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదిపాడు, ఆర్కెస్ట్రా కూడా వాయిస్తున్నట్టు నటించింది. ఫిబ్రవరి చలి, పైగా ఆయన ఆరోగ్యం బాగాలేదు, మరుసటి ఏడాదే పోయాడు. 2009 జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకారంలో చెల్లో వాయించే యో యో మా, వయొలిన్ వాయించే ఇట్జాక్ పెర్ల్‌మన్‌ల వాయిద్యాలు జనానికి వినిపించింది కూడా రికార్డులోంచే. ఆ చలికి తంత్రులు తెగుతాయని, శ్రుతి నిలవదని భయం. మనకు చలి బాధ లేదు కానీ వానుంది, జనరేటర్ ఉంది, పక్క హాల్లో డీజే ఉంది.

పూర్తి లిప్‌సింక్: సరదాకైతే సరే, జాగ్రత్తలు ఎక్కువ

2004 అక్టోబర్ 23 రాత్రి 'సాటర్డే నైట్ లైవ్' అనే అమెరికా టీవీ కార్యక్రమంలో గాయని ఆష్లీ సింప్సన్ రెండో పాటకు స్టేజీ ఎక్కింది. వినిపించింది మాత్రం అంతకుముందు పాడేసిన మొదటి పాట, అందులోనూ ఆమె గొంతు. మైకేమో ఆమె నడుము దగ్గరుంది! ఆ అమ్మాయి ఏం చేయాలో తోచక రెండు గంతులేసి లోపలికి వెళ్లిపోయింది. చివర్లో వచ్చి, బ్యాండ్ తప్పు పాట వాయించిందని చెప్పింది. తర్వాత వాళ్ల నాన్న వచ్చి, ఆమె గొంతుకు ఆసిడ్ రిఫ్లక్స్ (కడుపులో ఆమ్లం పైకి తన్నడం) ఇబ్బంది ఉందన్నాడు. పాట తప్పుగా మొదలవడం కంటే ఈ సంజాయిషీలే జనానికి ఎక్కువ గుర్తుండిపోయాయి.

ఇంతకీ అక్కడ జరిగిన పొరపాటేమిటి? ట్రాక్ మొదలుపెట్టేవాళ్లు తప్పు బటన్ నొక్కారు, అంతే. మన ఫంక్షన్లలో జరిగేదీ నూటికి తొంభై పాళ్లు అదే. పెన్‌డ్రైవ్‌లో "సాంగ్ 1", "సాంగ్ 1 ఫైనల్", "సాంగ్ 1 ఫైనల్ కొత్తది" అని మూడు ఫైళ్లుంటాయి. నా సలహా: ఫైలు పేరు ముందు వరుస అంకె, తర్వాత ఎక్కేవాళ్ల పేరు, అంతకుమించి ఏమీ వద్దు. "03 సుజాత వదిన" అని ఉంటే సౌండ్ అబ్బాయి తప్పు చేయమన్నా చేయలేడు. పాత వెర్షన్లు తీసేయండి. ఫోన్‌లోంచి పాట పెట్టకండి. తప్పకపోతే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఈ ఒక్క ముక్క మా బావకు ముందే చెప్పి ఉండాల్సింది.

ఇక పెదవులు కలవడం గురించి. గొంతు పెదవుల కంటే వెనకబడితే మనిషి కొంత సర్దుకుపోతాడు, ముందొస్తే మాత్రం ఇట్టే పట్టేస్తాడు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం టీవీ ప్రసారాల కోసం ఇచ్చిన లెక్క ఇదీ: శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాడికి తెలిసిపోతుంది, అదే వెనకబడితే 125 దాకా తెలియదు. మెరుపు ముందు, ఉరుము తర్వాత రావడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం కదా, ఆ అలవాటే అనుకుంటా. కాబట్టి అందుకునేటప్పుడు ట్రాక్ కోసం కాచుకుని కూర్చోకండి. నిజంగా పాడేవాళ్లలాగే ముందు ఊపిరి తీసి నోరు తెరవండి.

ఈ మధ్య ప్రతి సంగీత్‌లో స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర పెడుతున్నారు. అసలు దొంగ అదే. కెమెరా నుంచి తెర దాకా బొమ్మ చేరేసరికి కొన్ని ఫ్రేములు ఆలస్యమవుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. రెండు ఫ్రేములు వెనకబడ్డా గొంతు 80 మిల్లీసెకన్లు ముందొచ్చినట్టే. మీరు ఎంత బాగా పెదవులు కలిపినా ముందు వరుసలో కూర్చుని తెర చూసేవాళ్లకు తేడా కొట్టేస్తుంది. వింతేమిటంటే చివరి వరుసలవాళ్లకు అంత తేడా ఉండదు, 34 మీటర్ల దూరానికి శబ్దమే పదో వంతు సెకను ఆలస్యంగా వెళ్తుంది కాబట్టి. లిప్‌సింక్ పాటలకు మొహం దగ్గరగా చూపించొద్దని, మొత్తం స్టేజీ కనబడేలా పెట్టమని కెమెరా అతనికి ముందే చెప్పండి.

ఇంకో మాట. మైకు పూర్తిగా ఆపించకండి. సౌండ్ మిక్సర్ మీద తగ్గించి ఉంచమనండి, పాట ఆగితే మాట్లాడటానికి అదొక్కటే దిక్కు. లోపల మాత్రం నిజంగానే పాడండి. మెడ నరాలు కదలకపోతే ఎంత నటించినా నమ్మరు.

సగం సగం: పెద్దవాళ్లు వాడేది, మనకు కష్టం

లిప్‌సింక్ అని మనం తిట్టేవాటిలో చాలావరకు నిజానికి ఇదే రకం. 2016 డిసెంబరు 31 రాత్రి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో గాయని మరయా కేరీకి జరిగింది చూడండి. చెవిలో పెట్టుకున్న మానిటర్ (పాట పాడేవాళ్లకే వినిపించే స్పీకర్) సరిగా పనిచేయక ట్రాక్ వినపడటం లేదని స్టేజీ మీదే చెప్పింది. ఒక పాటలో చాలా భాగం పాడకుండానే అటూ ఇటూ నడిచింది. ఇంకో పాటలో ఆమె మైకు దించేసినా ఆమె గొంతు మోగుతూనే ఉంది. లక్షల మంది టీవీల ముందున్నారు. మైకు దించిన ఆ క్షణం పాటలోని తతంగమంతా బయటపెట్టేసింది.

ఈ పద్ధతికి ఉన్న లోపం ఇదే. అంతా సవ్యంగా సాగినన్నాళ్లు ఎవరికీ తెలియదు. మీకు ట్రాక్ వినపడకపోయినా, ఒక్క పాదం మరిచిపోయినా మాత్రం రెండు గొంతులు విడిపోయి రెంటికీ చెడతారు. పాదాల దగ్గర మంచి మానిటరో, చెవిలో మానిటరో లేకుండా దీని జోలికి వెళ్లకండి. మన ఫంక్షన్ హాళ్ల సౌండ్ ప్యాకేజీలో స్టేజీ మానిటర్ చాలాసార్లు ఉండదు. అడిగితే "ఉంటది సార్" అంటారు, ఆ రోజు పెట్టరు. చూసి గాని నమ్మకండి.

అలాగని రికార్డు వాడటాన్ని తీసిపారేయనూ లేం. 1991 జనవరిలో టాంపాలో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌కు ముందు గాయని విట్నీ హ్యూస్టన్ పాడిన అమెరికా జాతీయ గీతం ముందే రికార్డు చేసిందే, అయినా ఇప్పటికీ దాన్ని మించింది లేదనేవాళ్లున్నారు. ఐరోపా దేశాల యూరోవిజన్ పాటల పోటీ ఒక గీత గీసుకుంది: అసలు గొంతు లైవ్‌గానే ఉండాలి, 2021 నుంచి వెనక కోరస్ గొంతులు మాత్రం రికార్డువి పెట్టుకోవచ్చు. ఆ గీత నాకు నచ్చింది. కోరస్ ట్రాక్‌లోది, ముందు గొంతు మీది. కాలేజీ ఫెస్ట్‌లో డాన్స్ చేస్తూ పాడేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

మైనస్ ట్రాక్: నేనైతే దీనికే ఓటేస్తా

చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, గృహిణులు వరుసగా వచ్చి పాత సినిమా పాటలు ట్రాక్ మీద పాడుతుంటారు. అందరూ బాగా పాడతారని కాదు. కొందరు చరణానికి ముందే దూకుతారు, కొందరు పై షడ్జం దగ్గర కళ్లు మూసుకుంటారు. అయినా హాల్లో ఎవరూ ముఖం తిప్పుకోరు. ఆ తడబాటు కూడా ఆ మనిషిదేనని కనబడుతుంటుంది కదా.

ట్రాక్ ఆగితే? గొంతు మీ దగ్గరే ఉంది. అలాంటి ఒక సాయంత్రం లాప్‌టాప్ ఆరిపోతే పాడుతున్న పెద్దాయన ఆగలేదు. చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ చరణం పూర్తి చేశాడు. ఆ పూట అన్నింటికంటే గట్టిగా చప్పట్లు పడింది దానికే.

ఇబ్బందులు రెండు. మొదటిది శ్రుతి. సినిమా పాట ట్రాక్ ఆ గాయకుడి శ్రుతిలో ఉంటుంది, అది మీకు ఎక్కడో కొండ మీద ఉండొచ్చు. ట్రాక్ స్కేలు మార్చే ఉచిత యాప్‌లు బోలెడున్నాయి, ఒకటి రెండు మెట్లు దించుకుంటే ట్రాక్ నాణ్యత పెద్దగా పాడవదు. అంతకుమించి దించితే వయొలిన్లు మూలుగుతాయి. రెండోది, యూట్యూబ్ నుంచి నేరుగా పెట్టడం. చరణానికి, పల్లవికి మధ్య ప్రకటన వచ్చి ఇంటి లోన్ గురించి చెప్తుంది. ట్రాక్ ఫైలు చేతిలో ఉండాలి, నెట్‌తో పని ఉండకూడదు. మైకు, పాట రెండూ ఒకే బ్లూటూత్ స్పీకర్‌లో కలిపేవాళ్లు కూడా ఉన్నారు. మీ గొంతు మీకే ఆలస్యంగా తిరిగొచ్చి తాళం తప్పిస్తుంది. వైరు వాడండి.

ఆర్కెస్ట్రా: దీనికి సాటి లేదు, కానీ

'పాడుతా తీయగా'లో పిల్లలు పాడుతుంటే వెనక వాద్యబృందం ఎలా పట్టుకునేదో బాలుగారి కాలం నుంచి చూస్తూనే ఉన్నాం. పిల్లవాడు కాస్త నెమ్మదిస్తే తబలా నెమ్మదిస్తుంది. ఏ ట్రాకూ ఆ పని చేయలేదు. చరణం మరిచిపోతే కీబోర్డు అతను ఇంకో రౌండ్ వాయించి మీకు ఊపిరి ఇస్తాడు. కరెంటు పోయినా తబలా, ఫ్లూటు ఉంటాయి.

కానీ అనడానికి కారణాలు: ఖర్చు అన్నింటికంటే ఎక్కువ, కనీసం ఒక్క రిహార్సల్ కావాలి, సౌండ్ చెక్‌కు గంటైనా పడుతుంది. మన ఫంక్షన్ ఏడుకని వేస్తే తొమ్మిదికి మొదలవుతుంది. ఆరుబయట అయితే రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. అంటే ఆర్కెస్ట్రా వాళ్లు శ్రుతి చేసుకునేసరికి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు వచ్చేస్తుంది.

| | పూర్తి లిప్‌సింక్ | సగం సగం | మైనస్ ట్రాక్ | ఆర్కెస్ట్రా |
|---|---|---|---|---|
| ట్రాక్ ఆగితే | ఏమీ మిగలదు | గుట్టు బయటపడుతుంది | గొంతు మిగులుతుంది | ఆగేదే లేదు |
| డాన్స్‌తో | బాగా కుదురుతుంది | కుదురుతుంది | ఊపిరి చాలదు | ఊపిరి చాలదు |
| టికెట్ పెట్టిన జనం | వద్దు | కోరస్ వరకే | ముందే చెప్తే సరే | వాళ్లొచ్చిందే ఇందుకు |
| రిహార్సల్ | అద్దం ముందు | ఎక్కువ, మానిటర్‌తో | ఇంట్లోనే | వాద్యబృందంతో |
| ఖర్చు | అతి తక్కువ | మధ్యస్థం | తక్కువ | ఎక్కువ |

ఎవరికి ఏది

సంగీత్‌లో అత్తయ్యలు, బాబాయిలు కలిసి డాన్స్ చేస్తారంటే లిప్‌సింక్ చాలు, బెంగపడాల్సిన పనే లేదు. ఒక్క పాట మాత్రం ఇంట్లో నిజంగా పాడేవాళ్లెవరితోనైనా మైనస్ ట్రాక్ మీద పాడించండి. వీడియో ఆల్బమ్‌లో పదేళ్ల తర్వాత వినేది అదే. కంపెనీ యాన్యువల్ డేలో బాస్‌గారు పాడతానంటే సగం సగం వైపు మెల్లగా నడిపించండి. గొంతు ఎలా ఉన్నా వెనక ట్రాక్ కాపాడుతుంది, ఆయన మైకు దించకుండా చూసుకుంటే చాలు. కాలేజీ బ్యాండ్లకు నా సలహా అక్కర్లేదు, వాళ్లెలాగూ లైవే అంటారు. అననివ్వండి.

పిల్లల విషయంలో మాత్రం నాది మొండిపట్టు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఆరంభంలో ఒక తొమ్మిదేళ్ల పాప పాడిందని లోకమంతా మెచ్చుకుంది. గొంతు ఇంకో ఏడేళ్ల పాపదని తర్వాత తెలిసింది. తెర మీద చూడటానికి మొదటి పాప బాగుంటుందని అలా చేశారట. ఆ రెండో పాప ఆ రాత్రి ఏమనుకుని ఉంటుంది? అపార్ట్‌మెంట్ వినాయక చవితి స్టేజీ మీద ఐదేళ్ల బుడ్డది శ్రుతి తప్పి, మధ్యలో మాటలు మరిచిపోయి, వాళ్లమ్మ వైపు చూస్తే చూడనివ్వండి. ఆ పిల్ల నోటికి వేరే గొంతు తగిలించకండి. "మా పాప పాట సరిగా రాదు, రికార్డు పెడదాం" అన్న తల్లిదండ్రులతో నేను రెండుసార్లు గొడవపడ్డాను, మూడోసారీ పడతాను.

జరగనే జరిగితే

ముఖం ఎర్రబడకముందే చేయాల్సింది ఒక్కటే: నోరు ఆపి, మైకులో నిజం చెప్పడం. "పాట ఆగింది, కాసేపు చప్పట్లు కొట్టండి" అంటే చాలు, సగం హాలు మీ వైపు వచ్చేస్తుంది. బ్యాండ్‌ను, సౌండ్ అబ్బాయిని, ఆసిడ్ రిఫ్లక్స్‌ను తిట్టుకునేవి ఇంటికెళ్లాక తిట్టుకోవచ్చు.

2013 జనవరి 21న ఒబామా రెండో ప్రమాణ స్వీకారంలో గాయని బియాన్సే జాతీయ గీతానికి రికార్డు వాడిందని గోల లేచింది. పది రోజులకు న్యూ ఓర్లీన్స్‌లో విలేకరుల సమావేశానికి వచ్చి, ప్రశ్నలు మొదలవకముందే అందరినీ లేచి నిలబడమని, అదే గీతం అక్కడికక్కడే పాడేసింది. ఆ తర్వాతే, ఆర్కెస్ట్రాతో రిహార్సల్‌కు సమయం లేక ఆ రోజు ట్రాక్‌తో పాడానని ఒప్పుకుంది. మరయా కేరీ కూడా మరుసటి డిసెంబరు 31న అదే టైమ్స్ స్క్వేర్‌కు తిరిగొచ్చి పాడింది. మధ్యలో వేడి టీ ఇస్తామన్నారు, అది కనపడటం లేదని అడిగితే జనం నవ్వారు. పాడగలిగినవాళ్లకు తిరిగొచ్చే దారి ఉంటుంది, మిల్లీ వనిల్లీకి అదే లేకపోయింది.

వచ్చే నెల అక్కా బావల 30వ పెళ్లిరోజు. అదే పాట, ఈసారి మైనస్ ట్రాక్ మీద, రెండు మెట్లు దించి. నెల రోజులుగా బావ బాత్రూంలో సాధన చేస్తున్నాడు. పై అంతస్తు వాళ్లు ఇప్పటికి ఒకసారి దిగొచ్చి "అంతా బాగేనా అన్నా?" అని అడిగి వెళ్లారు. ట్రాక్ నా లాప్‌టాప్‌లో ఉంది. బావ ఫోన్ స్విచాఫ్ చేసి నా జేబులో పెట్టుకునేట్టు మాట తీసుకున్నా.